గౌను వేసుకున్న పెద్దమనిషి

ఫ్రెషర్స్ డే రోజు ఒక అబ్బాయి చీర కట్టుకుని స్టేజ్ ఎక్కాడంటే చాలు, ఆడిటోరియం అంతా ఈలలే. ప్రతి కాలేజీలోనూ ఉండే సీనే ఇది. కానీ ఆ నవ్వుల్లో రెండు రకాలుంటాయి. స్టేజ్ మీదున్నవాడితో కలిసి నవ్వేది ఒకటి, వాణ్ని వెక్కిరిస్తూ నవ్వేది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని గీత మీద డెబ్భై ఏళ్లకు పైగా నడిచిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు డగ్లస్ బింగ్. చివరికి తనదనుకున్న ఊరు, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్.

బింగ్ 1893 మార్చి 17న నాటింగ్‌హామ్ దగ్గర బాస్‌ఫర్డ్‌లో పుట్టాడు. నాన్న బ్యాంక్ మేనేజర్. కొడుకుని నాటకాల్లోకి పంపించే ఇల్లు కాదు. చిన్నప్పుడు కొంతకాలం జర్మనీలో ఉన్నాడు. తర్వాత లండన్‌లో నాటకాలకు దుస్తులు తయారుచేసే ఒకాయన దగ్గర పనికి కుదిరాడు. గౌను ఎలా కూర్చోవాలో, విగ్గు ఎలా నిలబడాలో అక్కడే చూశాడు. ముందు ముందు అదే ఆయన ఆస్తి అయింది.

1914లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, హేస్టింగ్స్ అనే సముద్రతీర పట్నంలో ఒక కచేరీ బృందంలో చేరాడు. వేసవిలో సముద్రం చూడటానికి వచ్చే జనానికి పాటలు, జోకులు, చిన్న చిన్న స్కిట్లు వేసే బృందాలు అప్పట్లో ఆ తీరం పొడవునా ఉండేవి. ఈ ఊళ్లకో లక్షణం ఉంది. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది నాలుగు రోజులుండి వెళ్లిపోయేవాళ్లే. పక్కింటి పిన్నిగారు చూస్తుందన్న భయం లేదు. ఎవరు ఎవరితో వచ్చారని అడిగే నాథుడూ తక్కువే. సొంత ఊళ్లో ఊపిరి బిగబట్టి బతికేవాళ్లకి అలాంటి చోటే కాస్త గాలి.

బింగ్ పేరు మోగింది మాత్రం లండన్‌లోనే. 1925లో కాక్రన్ నిర్మించిన ‘ఆన్ విత్ ద డ్యాన్స్’ అనే రెవ్యూలో, ఎర్నెస్ట్ థెసిగర్‌తో కలిసి ఇద్దరు ముసలమ్మల వేషం వేశాడు. అక్కడి నుంచి నైట్‌క్లబ్బుల్లో ఆయనే స్టార్. పాటలు తనే రాసుకునేవాడు. ఒక పాటలో వయసు మళ్లిన మత్స్యకన్య, ఇంకో పాటలో ఈజిప్టు మమ్మీ, మరో పాటలో ఏదో పల్లెటూరి మేయరమ్మ. మాటకి రెండర్థాలు. రెండోది అర్థమైనవాడు నవ్వుతాడు, కానివాడు మొదటిదానికే నవ్వుతాడు. క్రిస్మస్ పాంటోమైమ్‌లలో మాత్రం పిల్లలకి ఇష్టమైన ముసలమ్మ ఆయనే.

మనకి మగవాళ్లు ఆడవేషం వేయడం కొత్తేమీ కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే, లోపలున్నది మగవాడన్న సంగతే జనం మర్చిపోయేవారట. బింగ్‌ది దానికి తలకిందులు. గౌను లోపల ఒక పెద్దమనిషి ఉన్నాడన్న సంగతి క్షణం కూడా మర్చిపోనివ్వడు. నవ్వంతా అందులోనే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. బింగ్ గే. ఆ సంగతి బయటికి చెప్పుకునే వీలు ఆయనకి లేదు. 1885 నాటి చట్టం ప్రకారం ఇద్దరు మగవాళ్ల మధ్య సంబంధం జైలుశిక్ష పడే నేరం. మన కంప్యూటర్ సైన్స్ పుస్తకాల్లో కనిపించే అలన్ ట్యూరింగ్‌కి 1952లో శిక్ష పడింది ఆ చట్టం కిందే. అంటే బింగ్ రాత్రి స్టేజ్ మీద గౌను వేసుకుని పాడితే చప్పట్లు, అదే మనిషి ఇంట్లో తనకి నచ్చినట్టు బతికితే సంకెళ్లు. పాటలో రెండో అర్థం పెట్టడం ఆయనకి సరదా మాత్రమే కాదు, రక్షణ కూడా. తెలిసినవాళ్లకి తెలుస్తుంది, కోర్టుకి మాత్రం ఏమీ దొరకదు.

అలాంటి మనిషికి బ్రైటన్ సరిగ్గా సరిపోయింది. 1933లో ఎలక్ట్రిక్ రైలు వచ్చాక లండన్ నుంచి గంట ప్రయాణం. రాత్రి షో ముగించుకుని రైలెక్కి సముద్రం పక్కన నిద్రపోయే నటులు చాలామంది ఉండేవారు. కెంప్‌టౌన్ అనే పేట బార్లలో, చట్టం ఏమన్నా సరే, గే జనానికి కూర్చోడానికి కుర్చీ, వినడానికి పాట దొరికేవి. ఆ పేట తూర్పు చివర, సముద్రానికి ఎదురుగా ఉన్న అరండెల్ టెర్రస్‌లో బింగ్ చాలా ఏళ్లు ఉన్నాడు.

1967లో చట్టం కొంత సడలింది. ఇరవై ఒకటి దాటినవాళ్లు, నాలుగు గోడల మధ్య, అంతవరకే. అప్పటికి బింగ్‌కి డెబ్భై నాలుగు! జీవితమంతా అయిపోయాక వచ్చిన అనుమతి అది. 1973లో బ్రైటన్ వీధుల్లో మొదటి ప్రైడ్ ఊరేగింపు జరిగింది. ఆ చట్టాన్ని పోలినదే బ్రిటిష్‌వాళ్లు మనకి అంటగట్టిన 377. మన సుప్రీంకోర్టు దాని కోరలు పీకడానికి 2018 సెప్టెంబర్ 6 దాకా పట్టింది.

తొంభై దాటినా బింగ్ స్టేజ్ వదల్లేదు. 1987 ఆగస్టులో తొంభై నాలుగో ఏట చనిపోయాడు. అస్థికల్ని అరండెల్ టెర్రస్‌లోని తన పాత ఇంటి ముందే చల్లారు.

ఇప్పుడు కెంప్‌టౌన్‌లో డ్రాగ్ షో అంటే మామూలు శనివారం రాత్రి. పాడేవాళ్లు తామెవరో దాచుకోనక్కర్లేదు. బింగ్‌కి దొరకనిది అదొక్కటే.

ఈసారి మన ఆడిటోరియంలో అలాంటి స్కిట్ వస్తే ఈల వేయండి, తప్పులేదు. కాకపోతే వెనక వరసలో నవ్వలేక కూర్చున్నవాడు కూడా ఒకడు ఉండొచ్చు. మన నవ్వు ఏ రకమో వాడికి మనకన్నా ముందే తెలిసిపోతుంది.