తొమ్మిది ఫిరంగుల సంస్థానం

మహానంది చుట్టుపక్కల ఏ ఊరు ఎవరు కట్టారని అడిగినా ముందు వినపడేది నందుడి పేరే. మహానంది గుడి నందరాజులు కట్టించారంటారు. నంద్యాల చుట్టూ ఉన్న నవనందులూ వాళ్ల చలవే అంటారు. నందవరంలో ఆ రాజుకు ఇంకా పెద్ద కథ ఉంది. నందన చక్రవర్తి రోజూ తెల్లవారకముందే మంత్ర పాదుకలతో కాశీకి పోయి గంగలో మునిగి వచ్చేవాడట. ఒకనాడు ఆ మహిమ పోయి అక్కడే చిక్కుకుంటే కాశీ బ్రాహ్మణులు ఆదుకున్నారట. వాళ్లకు ఇచ్చిన మాటకు సాక్ష్యం చెప్పడానికి చౌడేశ్వరమ్మ నందవరం దాకా నడిచి వచ్చిందని నందవరీక బ్రాహ్మణుల ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నందవరానికి పక్కనే బనగానపల్లె. ఆ ఊరి చరిత్ర రాసినవాళ్లు కూడా ఈ నందుడితోనే మొదలుపెట్టారు. బీజాపూరు ఆదిల్‌షాహీలు బనగానపల్లె కోటను నంద చక్రవర్తి దగ్గరి నుంచే గెలుచుకున్నారని రాశారు. స్థలపురాణంలోంచి నేరుగా సర్కారు కాగితాల్లోకి అడుగుపెట్టిన రాజు మా జిల్లాలో ఇంకొకడు లేడు!

నందుడికి నివాళి నేను రాయనక్కరలేదు. ఆయనకు గుళ్లున్నాయి, కార్తీకమాసంలో జనం ఉన్నారు. నేను రాస్తున్నది ఆయన తర్వాత ఆ కోటలో దిగిన కుటుంబం గురించి. దాదాపు 280 ఏళ్లు ఒక చిన్న ఊరిని, దాని చుట్టూ ఉన్న పల్లెలను ఏలి, 1948 ఫిబ్రవరిలో సంతకం పెట్టి తప్పుకున్న బనగానపల్లె నవాబుల గురించి.

బీజాపూరు సుల్తాను కోటను మొదట సిద్దు సుంబల్ అనే సేనానికి అప్పగించాడు. 1665 దాకా అతనిదే పెత్తనం. ఆ తర్వాత మహమ్మద్ బేగ్ ఖాన్ రోజ్‌బహానీ అనే సర్దారుకు బనగానపల్లె శాశ్వత జాగీరుగా దక్కింది. ఈ వంశానికి మూలపురుషుడు ఆయనే. అయితే ఆ మూలపురుషుడికి మగసంతానం లేదు. జాగీరు మనవడు ఫైజ్ అలీ ఖాన్‌కు వచ్చింది. అప్పటికి బీజాపూరు పోయింది, ఔరంగజేబు దక్కనంతా పరుచుకున్నాడు. పాత సుల్తాను ఇచ్చిన జాగీరును కొత్త పాదుషా ఎందుకు ఉంచుతాడు? ఫైజ్ అలీకి దగ్గరి బంధువైన ముబారిజ్ ఖాన్ మొగలుల కొలువులో పెద్ద పదవిలో ఉండబట్టి ఉంచాడు. చుట్టరికంతో నిలబడిన జాగీరు ఇది. తర్వాతి కాలంలో చెంచెలిమల జాగీరు కూడా ఈ ఇంటికి పెళ్లి సంబంధం వల్లనే కలిసింది. కత్తితో సంపాదించిన దాని కన్నా వియ్యాలతో నిలుపుకున్నదే వీళ్లకు ఎక్కువ.

కత్తి పట్టవలసి వచ్చినప్పుడు మాత్రం వెనకాడలేదు. 1764 ప్రాంతంలో హైదరలీ బలపడితే హుసేన్ అలీ ఖాన్ ఆయనకు తలవంచాడు, ఆయన తరఫున యుద్ధాలకూ పోయాడు. 1783లో హుసేన్ అలీ పోయేసరికి వారసుడు పసివాడు. మరుసటి ఏడాదే టిప్పు జాగీరును లాగేసుకున్నాడు. కుటుంబం హైదరాబాదుకు పారిపోయింది. నాలుగైదేళ్లు అక్కడ తలదాచుకుని, తిరిగి వచ్చి, టిప్పు మనుషులను తరిమి ఊరిని దక్కించుకున్నారు. ఈ ఇంటి చరిత్రలో వీరగాథ అనదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే. దానిమీద పాట కట్టిన వాళ్లున్నట్టు నేను వినలేదు.

1800లో నిజాము దత్తమండలాలను కుంఫిణీకి రాసిచ్చాడు. కలెక్టరుగా మన్రో వచ్చాడు. పాలెగాళ్ల కోటలు ఒక్కొక్కటే కూలాయి. కడప నవాబుల కథ అంతకు ఇరవయ్యేళ్ల ముందే హైదరలీ చేతుల్లో ముగిసింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఫిరంగులు, మందుగుండు పోగేశాడని 1839లో కుంఫిణీ ఆయన రాజ్యం కలిపేసుకుంది. ఆయనను తిరుచినాపల్లికి పంపితే అక్కడే హత్యకు గురయ్యాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసి, తలను కోయిలకుంట్ల కోట గుమ్మానికి వేలాడదీశారు. ముప్పయ్యేళ్లు అది అక్కడే ఉంది.

మరి ఆ రోజుల్లో పక్కనే ఉన్న బనగానపల్లె నవాబులు ఏం చేస్తున్నారు? అప్పులు తీర్చుకోలేక అవస్థ పడుతున్నారు. ఇంటి లెక్కలు చేయి దాటిపోయాయని 1832లో మద్రాసు సర్కారు పరిపాలనను తన చేతిలోకి తీసుకుంది. 1848లో గానీ తిరిగి ఇవ్వలేదు. అంటే నరసింహారెడ్డి తిరుగుబాటు నడిచిన కాలమంతా బనగానపల్లె నవాబు పేరుకే నవాబు. మళ్లీ 1905లో ఇదే కారణంతో కొన్ని నెలల పాటు మద్రాసు అధికారి వచ్చి కూర్చున్నాడు. పెద్ద నవాబును తప్పించి వారసుడిని గద్దె ఎక్కించారు.

ఇదంతా చదివితే ఎవరికైనా ఇందులో నివాళి రాయడానికి ఏముందనిపిస్తుంది. నాకూ వీళ్లను పొగడాలని లేదు. రైతుల కడుపులు నింపిన ప్రభువులని అనలేను. ఆనకట్టలు, సత్రాలు, కాలేజీలని లెక్క చెప్పడానికీ చేతిలో ఏమీ లేదు. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ నేల మీద బ్రిటిషువాళ్లు రాజ్యంగా గుర్తించిన సంస్థానం ఇదొక్కటే. విజయనగరం, పిఠాపురం, వెంకటగిరి ఎంత పెద్దవైనా జమీందారీలే, పేష్కషు కట్టవలసినవే. మద్రాసు ప్రెసిడెన్సీ కింద సంస్థానాలంటే తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరు, వాటి సరసన బనగానపల్లె. వాటిలో ముస్లిము పాలకులున్నది ఇదొక్కటే, అందులోనూ షియా కుటుంబం. 1876లో నవాబు బిరుదు వంశపారంపర్యం చేశారు. తొమ్మిది ఫిరంగుల గౌరవ వందనం ఇచ్చారు. సండూరుకు ఆ ముచ్చట కూడా లేదు.

తొమ్మిది ఫిరంగులు మోగిన రాజ్యం ఎంతనుకున్నారు? 255 చదరపు మైళ్లు. 1901 జనాభా లెక్కల్లో 32,264 మంది. ఇప్పటి బనగానపల్లె మండలంలోనే అంతకన్నా ఎక్కువ మంది ఉన్నారు. నవాబు గుర్రం మీద పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తన రాజ్యం హద్దు దాటేసి ఉంటాడు. నల్లరేగడిలో జొన్న, కొండవాలులో మేకలు, జుర్రేరు పారినన్నాళ్లు కాస్త తడి. మహానందిలో కోనేటి నీళ్లు ఏడాది పొడుగునా అరటితోటలకు పారుతుంటే, బనగానపల్లెలో బావి తవ్వాలన్నా రాయి పగలగొట్టాలి.

ఆ రాయి గురించి ఒక మాట. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. కర్నూలు పొరల్లో అన్నిటికన్నా అడుగున ఉన్నదానికి బనగానపల్లె పేరు పెట్టారు. దాని మీద నార్జి సున్నపురాయి, ఆపైన అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, అన్నిటి మీద నంద్యాల. మా ఊళ్ల పేర్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి భూమిలో దాచినట్టుంటుంది ఆ పట్టిక. ఆ అడుగుపొర గులకల్లోనే వజ్రాలు దొరికేవి. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన దొరలు బనగానపల్లె వజ్రాల గనులను చూసి రాసుకున్నారు. మనం ఇళ్లల్లో పరుచుకునే నాపరాళ్లు నార్జి పొరలోవి. దేశంలో ఎక్కడ భూగర్భశాస్త్రం చదివిన పిల్లవాడికైనా బనగానపల్లె పేరు తెలుసు, నవాబు పేరు తెలియదు.

ఇంకా వెనక్కి పోవాలంటే జ్వాలాపురం ఉంది, అదే జుర్రేరు లోయలో. 74 వేల ఏళ్ల కింద సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరి వచ్చిన బూడిద అక్కడ మేటలు వేసింది. ఆ బూడిద కిందా మీదా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రపంచమంతా చదివింది. మావాళ్లు అంతకుముందే ఆ బూడిదను తవ్వి గిన్నెలు తోముకునే పొడిలో కలపడానికి అమ్మేశారు. ఈ లోయలో మొదటి ఊరు ఎవరు కట్టారన్న ప్రశ్నకు నందుడూ నవాబూ ఇద్దరూ బాగా ఆలస్యంగా వచ్చిన జవాబులే.

నవాబులను జనం నోట బతికించిన కథ ఒకటుంది. అది కూడా వాళ్ల కథ కాదు, పోతులూరి వీరబ్రహ్మం గారిది. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడని చెబుతారు. సంగతి తెలిసి నవాబు ఆయనను పిలిపించాడట. పరీక్ష చేద్దామని మాంసం పళ్లెం మీద గుడ్డ కప్పి ముందు పెట్టించాడట. స్వామి గుడ్డ తీయమంటే పళ్లెంలో పూలున్నాయట. నవాబు దండం పెట్టి భూమి రాసిచ్చాడని కథ. ఆ నవాబు పేరు ఎవరూ చెప్పరు. నాకు ఈ కథలో నచ్చేది పూలు కాదు. పరీక్ష పెట్టిన పాలకుడు ఓడిపోయాక కోపగించుకోలేదని, తలవంచాడని జనం ఒప్పుకోవడం. ప్రభువుల గురించి పల్లె జనం ఇంత మంచి మాట ఊరికే అనరు.

ఇక మామిడిపండు. అసలు ఈ ఇల్లు లోకంలో మిగిలింది దాని వల్లనే. బనగానపల్లె చుట్టూ ఉన్న తోటల్లో నవాబుల ఆదరణతో పెరిగిన రకం అది. బంగినపల్లి, బెనిషాన్, సఫేదా అని రకరకాల పేర్లతో దేశమంతా తిరిగింది. నూజివీడులో కాసినా, జగిత్యాలలో కాసినా బంగినపల్లే. 2017లో దానికి ఆంధ్రప్రదేశ్ పేరున భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టిల్లుగా బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాల పేర్లు రాశారు. గడ్డిలో మాగవేసిన కాయను తెలిసినవాళ్లు రంగు చూసి కొనరు. చేతిలోకి తీసుకుని తొడిమ దగ్గర ముక్కు పెడతారు. తొక్క నున్నగా, పల్చగా ఉంటుంది. అక్కడక్కడా సన్నటి చుక్కలు. కోస్తే పీచు తగలదు, చాకు టెంక దాకా ఆగకుండా దిగుతుంది. రసాలను జుర్రుకునేవాళ్లు దీన్ని కొంచెం చిన్నచూపు చూస్తారు గానీ, వారం రోజులు ఇంట్లో పెట్టుకుని రోజుకొకటి ముక్కలు కోసి పిల్లలకు పెట్టాలంటే దీన్ని మించిన పండు లేదు. నవాబు కొలువులో నజరానాగా మొదలై తోపుడుబండి దాకా వచ్చింది. ఇంతకన్నా మంచి వారసత్వం ఏ సంస్థానం వదిలింది?

1922లో గద్దెనెక్కిన ఫజ్ల్ అలీ ఖాన్ ఆఖరి నవాబు. 1948 ఫిబ్రవరిలో విలీన ఒప్పందం జరిగి బనగానపల్లె కర్నూలు జిల్లాలో ఒక భాగమైపోయింది. తుపాకీ పేలలేదు. హైదరాబాదులో సెప్టెంబరు దాకా నెత్తురు పారుతూనే ఉంది. ఇక్కడ జనం పొలం పనులు చేసుకుంటూనే రాజ్యం మారిపోయింది. 1971లో రాజభరణాల రద్దుతో ఆ చివరి ముడి కూడా తెగింది. చరిత్రపుస్తకాల్లో పేజీ దక్కాలంటే కొట్లాడాలి గాబోలు. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్నాం, పెట్టుకోవలసిందే. నెత్తురు పారకుండా తప్పుకున్నవాడికి మాత్రం ఒక వీధి పేరైనా దక్కడం కష్టమే.

యాగంటి దారిలో నవాబు బంగళా ఒకటుంది. ఎత్తు మీద ఒంటరిగా, చుట్టూ బండలతో. అక్కడ తీసిన అరుంధతి సినిమా 2009లో విడుదలయ్యాక అది అరుంధతి బంగళా అయిపోయింది. యాగంటి బసవన్నను చూసి వచ్చేవాళ్లు బండి ఆపి, గోడల ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. సినిమాలో అది గద్వాల కోట. సొంత సంస్థానం పోయిన ఇల్లు, వేరే సంస్థానం వేషం కట్టి పేరు తెచ్చుకుంది. సినిమాలో విలన్ పశుపతి ఎక్కడ దాక్కున్నాడని పిల్లలు అడుగుతారు. ఇది ఎవరు కట్టించారు నాయనా అని అడిగిన పిల్లవాడు నాకు కనపడలేదు.

మహానంది, బనగానపల్లె రెండూ 2022 ఏప్రిల్ నుంచి ఒకే నంద్యాల జిల్లాలో ఉన్నాయి. జిల్లా కొత్తది కాబట్టి దాని చరిత్ర ఇప్పుడే రాసుకోవాలి. నవాబుల కాలంలో ఇనాములు పొందినవాళ్లలో పీర్లచావిళ్లు చూసుకునేవాళ్లు ఉంటారు, గుడి పూజారులు ఉంటారు, కరణాల ఇళ్లు ఉంటాయి, బావి తవ్వుకోవడానికి నేల అడిగిన రైతులుంటారు. ఆ సనదులు, రసీదులు, శిస్తు లెక్కలు పాత ఇనుప పెట్టెల్లో ఉండిపోయి ఉంటాయి. ఉర్దూ లిపి తెలియక, చెదలు పట్టాయని, ఇల్లు మారుతున్నామని అవి చెత్తలో పడకూడదు. బనగానపల్లె, నందవరం, అవుకు వైపు మీకు బంధువులుంటే అటక మీద పెట్టె ఒకసారి దించి చూడమనండి. దొరికిన కాగితాన్ని ముందు ఫొటో తీయండి, లామినేషన్ మాత్రం చేయించకండి. చదివేవాళ్లు లేరనే సాకు వద్దు, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది.