సగోనా వంశాంకురం: మినీమాత

వంశచరిత్రలు చాలావరకు పట్టాలు, దస్తావేజుల ఆధారంగా నిలుస్తాయి. కరవు ఊరినుంచి తరిమివేసిన కుటుంబాలకు ఆ ఆధారాలు మిగలవు. వారి వంశం బతికి బయటపడిన ఒక బిడ్డ జ్ఞాపకంలోనే నిలవాలి. ఛత్తీస్‌గఢ్ ప్రజలు మినీమాతగా స్మరించే మీనాక్షీదేవి వంశం అలా నిలిచినదే.

ఆమె మాతామహులది పండరియా ప్రాంతంలోని సగోనా గ్రామం. తాతగారు సత్‌నామీ సమాజానికి చెందిన మాలగుజారు; అంటే గ్రామ శిస్తు బాధ్యత వహించే భూస్వామి. 1896-97లోనూ, మళ్లీ 1899-1900లోనూ మధ్యపరగణాలను కుదిపివేసిన క్షామాలు సామాన్యులను, సంపన్నులను ఒకే దారిన నడిపించాయి. ఆ రోజులలో ఆ దంపతులు ముగ్గురు కుమార్తెలతో అస్సాం తేయాకు తోటలకు బయలుదేరారు. కుటుంబ కథనం ప్రకారం ఇద్దరు బిడ్డలు దారిలోనే మరణించారు. అస్సాం చేరిన కొద్దికాలానికే తల్లిదండ్రులూ కన్నుమూశారు. మిగిలినది దేవమతి ఒక్కతే. ఆ అనాథ బాలికయే మినీమాతకు తల్లి.

రాయ్‌పూర్ ప్రాంతపు గిరౌద్‌పురిలో 1756లో జన్మించిన గురు ఘాసీదాస్ కులభేదాన్ని, విగ్రహారాధనను, మద్యమాంసాలను నిరాకరించి సత్‌నామ మార్గాన్ని బోధించారు. ఆయన వంశీయుడైన గురు అగమ్‌దాస్ అస్సాంలోని సత్‌నామీలను దర్శించి, 1930ల ఆరంభంలో మీనాక్షిని వివాహమాడారు. కరవు తరిమిన వంశం ఆ విధంగా పుట్టింటి గడ్డకు తిరిగి వచ్చింది.

అగమ్‌దాస్ మొదటి లోక్‌సభ సభ్యులుగా ఉండగానే మరణించారు. ఉపఎన్నికలో గెలిచిన మినీమాత ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు తొలి మహిళా పార్లమెంటు సభ్యురాలయ్యారు. 1955నాటి అస్పృశ్యతా నేరాల చట్టాన్ని సమర్థించి, అనంతర ఎన్నికలలోనూ వరుసగా విజయం సాధించారు. ఢిల్లీలోని ఆమె నివాసం ఆపన్నులకు ఆశ్రయమైంది. 1972 ఆగస్టు 11న ఢిల్లీ సమీపంలో జరిగిన విమాన ప్రమాదంలో ఆమె మరణించారు.

ఆమె బౌద్ధురాలు కారు. అయినా ఆమె జీవితం మనకు ఆత్మీయమైనది. కపిలవస్తు వీధులలో భిక్షాపాత్రతో నడిచిన తథాగతుడు, తనది రాజవంశం కాదనీ, బుద్ధుల వంశమనీ తండ్రి శుద్ధోదనునికి విన్నవించినట్లు బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. రక్తం ఇచ్చే వంశం ఒకటి, ఆచరణ ఇచ్చే వంశం మరొకటి. మినీమాత ఈ రెండింటినీ మోశారు.

మన ఇళ్లలోనూ దేవమతులు ఉన్నారు. వారు ఏ ఊరు విడిచారో, ఎవరిని దారిలో పోగొట్టుకున్నారో వారు జీవించి ఉండగానే అడిగి వ్రాసుకోవడం మన విధి. ఆ తరువాత చెప్పేవారు ఉండరు.

కోర్బా జిల్లాలో హసదేవ్ నదిపై నిర్మించిన బాంగో జలాశయానికి నేడు మినీమాత పేరు ఉంది. వానలు లేక సగోనాను విడిచిన కుటుంబం పేరున ఇప్పుడు పొలాలకు నీరు పారుతున్నది.