ఒక్క మంచంతో మొదలు.. ఆపరేషన్‌లో తోడు బట్లర్ భార్య! ఎవరీ ఐడా స్కడర్?

చిత్తూరు, తిరుపతి వైపు ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు వస్తే ముందుగా వినిపించే పేరు రాయవేలూరు. అక్కడి సీఎంసీ ఆస్పత్రికి పునాది వేసింది డాక్టర్ ఐడా స్కడర్.

ఆమె 1870 డిసెంబర్ 9న రాణిపేటలో పుట్టారు. అప్పట్లో వేలూరు, చిత్తూరు, తిరుపతి అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేవి. తాత, తండ్రి ఇద్దరూ డాక్టర్లే. ఐడాకు మాత్రం ఆ పని ఇష్టం లేదు, అమెరికాలోనే ఉండిపోవాలనుకున్నారు.

తల్లికి ఒంట్లో బాగాలేదని తిండివనం వచ్చినప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. నాన్నగారు వస్తారంటే మగ డాక్టర్ వద్దన్నారు. ఐడాకేమో వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు.

దాంతో ఆమె మనసు మారింది. 1899లో కార్నెల్‌లో డాక్టర్ పట్టా తీసుకుని, 1900లో వేలూరు చేరారు. పక్కనే ఉండి పని నేర్పిస్తారనుకున్న తండ్రి అదే ఏడాది కన్నుమూశారు. ఇక ఏం చేసినా సొంతంగానే. చిన్న గది, ఒకే మంచం. తొలి పెద్ద ఆపరేషన్ చేసినప్పుడు సాయం పట్టింది ఇంటి బట్లర్ భార్య. నర్సింగ్ చదువు లేని మనిషి!

ఆ రెండేళ్లలో దాదాపు 5 వేల మందికి వైద్యం చేశారు. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి తెరుచుకుంది. పడకలొచ్చాయి, మరి చేతులేవి? రక్తం, పుండ్లు ముట్టుకునే పని అని ఆడపిల్లల్ని నర్సింగ్‌కు పంపడానికి ఇళ్లలో ఒప్పుకునేవాళ్లు కాదు. అయినా 1909లో నర్సింగ్ స్కూల్ పెట్టారు. ఇప్పటిలా బొమ్మల మీద ఇంజెక్షన్ ప్రాక్టీస్ చేసుకునే స్కిల్ ల్యాబులు అప్పుడెక్కడివి? కట్టు కట్టడమైనా, కాన్పు చూడడమైనా వార్డులో చేస్తూ నేర్చుకోవాల్సిందే.

1918లో మహిళల మెడికల్ స్కూల్, 1946లో బీఎస్సీ నర్సింగ్ వచ్చాయి. దేశంలో ఆ డిగ్రీ మొదలుపెట్టిన తొలి కాలేజీల్లో అదొకటి.

ఐడా 1960 మే 24న కొడైకెనాల్‌లో, 89 ఏళ్ల వయసులో చనిపోయారు. ఇప్పుడు చిత్తూరు జిల్లా గుడిపాల మండలం రామాపురంలోని సీఎంసీ క్యాంపస్‌లోనూ నర్సింగ్ నేర్పిస్తున్నారు.