సబ్బినాట వెలుగొందిన కవితాగుణార్ణవుడు

గోదావరీ తీరాన ధర్మపురి నరసింహస్వామి, కొండగట్టుపై ఆంజనేయస్వామి, వేములవాడలో రాజరాజేశ్వరస్వామి కొలువుదీరిన పుణ్యసీమ మనది. నేటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, కరీంనగరం పరిసరాలు చేరిన ఈ సీమకు వెయ్యేళ్ల క్రిందట సబ్బినాడు అని పేరు. ఆ పేరు జనవ్యవహారంలో నిలువలేదు. దానిని మనకు తిరిగి అందించినవి శిలాశాసనాలు. వాటిలో మిక్కిలి విలువైన ఒక శాసనం ఒక మహాకవి జీవితంతో ముడివడి ఉన్నది. ఆయనే కన్నడ సారస్వతంలో ఆదికవిగా పూజలందుకొనే పంపడు.

పంపడు క్రీ.శ. 902లో జన్మించాడు. ఆయన పూర్వులు వేంగీమండలంలోని వంగిపర్రు అగ్రహారీకులు, శ్రీవత్స గోత్రజులు. వంశకర్తయైన మాధవ సోమయాజి యజ్ఞాలు నిర్వహించిన శ్రోత్రియుడు. ఆ వేదవంశంలో పుట్టిన భీమపయ్య జైనధర్మాన్ని స్వీకరించాడు. భీమపయ్య, అబ్బణబ్బె దంపతుల కుమారులే పంపడు, జినవల్లభుడు.

ఆనాడు సబ్బినాడును ఏలినవారు రాష్ట్రకూటుల సామంతులైన వేములవాడ చాళుక్యులు. శాసనాలలోని లేంబులవాడయే నేటి వేములవాడ. నలువది రెండు యుద్ధాల వీరుడని పేరొందిన బద్దెగ మహారాజు అక్కడ నిర్మించిన శివాలయమే నేటి భీమేశ్వరాలయమని చరిత్రకారులు గుర్తించారు. ఆ వంశీయుడైన రెండవ అరికేసరి పంపనికి ఆశ్రయమిచ్చిన ప్రభువు. క్రీ.శ. 941లో పంపడు ఆదిపురాణం ముగించి ప్రథమ తీర్థంకరుని చరితం పాడాడు. వ్యాసభారత కథతో విక్రమార్జున విజయమనే మరొక మహాకావ్యం వెలయించాడు. అందులో అర్జునుడే నాయకుడు, ఆ అర్జునునితో అభిన్నుడు అరికేసరి. అందువల్లనే ద్రౌపది అర్జునునికి మాత్రమే ఇల్లాలు. స్వమతం జైనమైనా పంచమవేదమైన భారతాన్ని ఆయన పరాయిదిగా భావించలేదు. ఆ కావ్యానికి సంతసించిన ప్రభువు ధర్మపురమనే అగ్రహారాన్ని కవికి దానం చేశాడు.

ఆ ధర్మపురం ఏది? పేరు వినగానే మనకు గోదావరి ఒడ్డున వెలసిన ధర్మపురి స్ఫురిస్తుంది. ఆ క్షేత్రమే పంపని అగ్రహారమని చెప్పుకొనేవారు అనేకులు. అయితే ఈ విషయంలో సాక్ష్యం పలుకగలిగినవాడు కవి తమ్ముడు జినవల్లభుడే.

గంగాధర మండలంలోని కురిక్యాల సమీపాన బొమ్మలమ్మగుట్ట ఉన్నది. ఆ గుట్టరాతిపై జినవల్లభుడు చక్రేశ్వరీదేవిని, తీర్థంకరులను చెక్కించి, సంస్కృత కన్నడ తెలుగు భాషలలో శాసనం వేయించాడు. త్రిభువనతిలకమనే జినాలయాన్ని, మదనవిలాసమనే తోటను, అన్నగారి బిరుదుతో కవితాగుణార్ణవమనే చెరువును నిర్మించినట్లు అందులో తెలిపాడు. ఆ శాసనం ఈ గుట్టను వృషభగిరి అని పేర్కొని, అది సబ్బినాడు నడుమ, ధర్మవురానికి ఉత్తరదిక్కున ఉన్నదని స్పష్టం చేస్తున్నది.

ఇక్కడ విజ్ఞులు ఒక్క క్షణం యోచించాలి. గుట్ట ధర్మవురానికి ఉత్తరాన ఉన్నదంటే ధర్మవురం గుట్టకు దక్షిణాన ఉండాలి. మన ధర్మపురి క్షేత్రమో, కురిక్యాలకు ఉత్తరాన ఉన్నది. పేరు కలిసినా దిక్కు కలియలేదు. కనుక పంపని అగ్రహారాన్ని గుట్టకు దక్షిణపు వైపుననే వెదకుట న్యాయం.

ప్రాచీన స్థలాలను గుర్తించే పద్ధతి ఏ దేశంలోనైనా ఇదియే. పశ్చిమాసియాలో కానానీయులకు, తరువాత ఇశ్రాయేలీయులకు చెందిన గెజెరు పట్టణం ఎక్కడున్నదో చాలాకాలం తెలియలేదు. క్లెర్మాం-గానో అనే ఫ్రెంచి పండితుడు 1871లో ఒక దిబ్బను చూపి, అదియే గెజెరు అన్నాడు. 1874లో ఆ దిబ్బ చుట్టూ ఉన్న బండలపై గెజెరు పొలిమేర అనే అక్షరాలు లభించిన పిదప సందేహం తొలగింది. మన వృషభగిరి శాసనం కూడా అటువంటి సాక్షియే.

దీనివల్ల ధర్మపురి మహిమకు లోటేమీ లేదు. గోదావరి దక్షిణవాహినియై ప్రవహించే ఆ నృసింహక్షేత్రం ఎవరి దానపత్రం వల్లనో పావనమైనది కాదు. భక్తి స్వామిపై నిలవాలి, చరిత్ర సాక్ష్యంపై నిలవాలి. స్థలాభిమానంతో శాసనాన్ని తోసిరాజంటే నష్టపోయేది మనమే.

పంపని అనంతరం కూడా ఈ నేలపై విద్య వెలిగింది. క్రీ.శ. 959లో సోమదేవసూరి గంగాధరలో యశస్తిలకచంపువు పూర్తిచేశాడు. 966 నాటి పర్భణీ తామ్రశాసనం ప్రకారం, లేంబులవాడలోని శుభధామ జినాలయానికై మూడవ అరికేసరి ఆయనకు గ్రామదానం చేశాడు. శివాలయాలు, జినాలయాలు ఒకే ఊరిలో ఒకే రాజవంశపు ఆదరణ పొందాయి.

కురిక్యాల శాసనంలోని తెలుగు భాగం మూడు కంద పద్యాలు. నన్నయభట్టారకునికి సుమారు శతాబ్దం ముందే తెలుగు కందం ఇంత సలక్షణంగా నడిచిందని అవి చాటుతున్నాయి. కరీంనగరం నుండి జగిత్యాల మీదుగా ధర్మపురి వెళ్లే భక్తులకు గంగాధర దారిలోనిదే. ఒకసారి ఆ గుట్టవద్ద ఆగి, పిల్లలకు ఆ అక్షరాలు చూపండి. ఆ రాతికి దెబ్బ తగలకుండా కాపాడుట ఈ సీమవారందరి ధర్మం. ఆ అక్షరాలు చెదిరితే సబ్బినాడు పేరు, ధర్మవురపు దిక్కు చెప్పే సాక్షి మనకు మిగలదు.