కశింకోటలో కూర్చుని దేశమంతటికీ బొమ్మ గీసిన వపా

కామిక్స్ అనగానే మనకు స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ గుర్తొస్తారు. ఇంకొంచెం వెనక్కి పోతే 1967లో మొదలైన అమర్ చిత్రకథ. అచ్చంగా కామిక్ పుస్తకం కాకపోయినా, తెలుగు ఇళ్లలో ఆ పని చేసింది మాత్రం చందమామే. లోపల విక్రముడినీ బేతాళుడినీ గీసింది శంకర్. తోకచుక్కలు, రాక్షసులు, మంత్రగాళ్లు ఉండే జానపద సీరియళ్లకు బొమ్మలేసింది చిత్ర. అసలు పుస్తకాన్ని చేతిలోకి తీసుకునేలా చేసే అట్ట మీది బొమ్మ మాత్రం చాలా ఏళ్లు ఒక్కరిదే. ఆయన పేరు వడ్డాది పాపయ్య, సంతకం ‘వపా’.

పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి రామ్మూర్తి ఉపాధ్యాయుడు, బొమ్మలు కూడా వేసేవారు. రంగులు కలపడం ఎట్లాగో పిల్లవాడు ఇంట్లోనే చూసి నేర్చుకున్నాడు. ఇంట్లో ఉన్న రవివర్మ కోదండరాముడి పటం ఆయన్ను చిన్నప్పుడే పట్టేసిందని చెబుతారు. రవివర్మతో మొదలుపెట్టి రవివర్మ దగ్గరే ఆగిపోయినవాళ్లు మన దేశంలో వేలమంది. వపా ఆగలేదు. రవివర్మ మనుషులు మన పక్కింటివాళ్లలా ఉంటారు. వపా మనుషులు ఎక్కడా కనపడరు, ఆయన కాగితం మీద తప్ప.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో చందమామను మొదలుపెట్టారు. తొలి రోజుల్లో అట్టలకు పేరు తెచ్చింది ఎం.టి.వి. ఆచార్య. ఆ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది వపా. అంత పేరున్న ఆర్టిస్టు చోటులోకి రావడమంటే, సూపర్ హిట్ యాప్‌కి వెర్షన్ టూ రాయమన్నట్టే. పాతది కాపీ కొడితే ఎవరూ గుర్తుపెట్టుకోరు, మరీ మార్చేస్తే పాఠకులు ఒప్పుకోరు. అదే పురాణాలు, అదే దేవుళ్లు, అదే సైజు కాగితం. వపా మార్చింది రంగునూ, గీత ఒంపునూ.

ఆయన బొమ్మ దొరికితే ఒక్క ఐదు నిమిషాలు చూడండి. నీడ అంటే నలుపు కలపడం అని మనం అనుకుంటాం. ఆయన ఊదా వేస్తారు, ఆకుపచ్చ వేస్తారు. అయినా అది నీడలాగే కనిపిస్తుంది. ఆడవాళ్ల కళ్లు చెవుల దాకా సాగుతాయి, వేళ్లు తీగల్లా వంగుతాయి, నగల్లో ఒక్కో పూస విడిగా కనిపిస్తుంది. ఋతువులు, రాగాలు, నక్షత్రాలు.. రూపమే లేనివాటికి కూడా మనిషి రూపమిచ్చి గీశారు. ఇప్పుడు గేమింగ్ కంపెనీల్లో క్యారెక్టర్ డిజైన్ అని ప్రత్యేకంగా ఉద్యోగమిచ్చి చేయించే పని ఇదే. ఆయన చేతిలో ఉన్నవి కుంచె, నీళ్లు, రంగులు. అన్‌డూ బటన్ లేదు!

పైగా అది గ్యాలరీలో వేలాడదీసే బొమ్మ కాదు. పైన పత్రిక పేరుకు చోటు వదలాలి. నాలుగు రంగుల అచ్చులోకి వెళ్లాక కూడా చెడిపోకూడదు. రామాయణం తెలిసిన తాతకూ, ఇంకా చదవడం రాని మనవడికీ ఒకే చూపులో అర్థం కావాలి. నెల తిరిగేసరికి ఇంకో బొమ్మ రెడీ కావాలి. క్లయింట్, డెడ్‌లైన్, స్పెసిఫికేషన్ అన్నీ ఉన్నాయన్నమాట. ఆర్టిస్టులు మూడ్ వస్తేనే పనిచేస్తారనేవాళ్లకు వపా గురించి చెప్పాలి.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది మాత్రం ఆయన అడ్రస్. అనకాపల్లి పక్కన కశింకోట. పత్రిక మద్రాసుది, ఆయన కాపురం ఉత్తరాంధ్ర పల్లెలో. బొమ్మలు అక్కణ్నుంచే వెళ్లేవి. చందమామ ఎన్నో భారతీయ భాషల్లో వచ్చేది కాబట్టి, ఆ పల్లెలో ఆరిన రంగులు హిందీ, కన్నడ, మరాఠీ ఇళ్లకూ చేరాయి. రైస్‌మిల్లుల సుల్తానాబాద్‌లో పెరిగి, డిగ్రీ చేతికి రాగానే అమీర్‌పేట బస్సెక్కడమే కెరీర్ అనుకునే మా బ్యాచ్‌కి ఇది చిన్న సంగతేం కాదు. అయితే ఒకటి.. ఊళ్లో ఉండి పని తెచ్చుకోగలిగింది ఊరిని చూసి ఎవరో జాలిపడినందుకు కాదు. ఆ బొమ్మ ఇంకెవరి దగ్గరా దొరకదు కాబట్టి.

ప్రచారానికి ఆయన చాలా దూరం. సభలు, సన్మానాలు, ఇంటర్వ్యూలు పట్టలేదు. చాలామంది దీన్ని గొప్పగా చెబుతారు గానీ నేనొప్పుకోను. బొమ్మలు ఇన్ని ఇళ్లకు చేరినా మనిషి గురించి మనకు దొరికేది ఇంతే. ఇవాళ పోర్ట్‌ఫోలియో పెట్టకుండా ఇంట్లో కూర్చుంటే ఏ చక్రపాణీ వెతుక్కుంటూ రాడు. ఈ ఒక్క విషయంలో ఆయన్ను ఫాలో కావొద్దు.

ఇప్పుడు ఏఐకి నాలుగు మాటలు టైప్ చేస్తే వపా పోలికతో బొమ్మ వచ్చేస్తుంది. నేనూ ప్రయత్నించా. రంగులు బానే కుదిరాయి, కళ్లూ సాగాయి. కానీ ఏ ఘట్టంలో ఎవరి చూపు ఎటుండాలో దానికి తెలియలేదు. దేవుడి ముందు నిలబడ్డ భక్తుడు కెమెరాకేసి చూస్తున్నాడు. డిజైన్ వైపు వెళ్దామా వద్దా అని భయపడుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.. ఒకసారి ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

1992 డిసెంబరు 30న కశింకోటలోనే వపా కన్నుమూశారు. చందమామ కూడా ఇప్పుడు అచ్చు కావట్లేదు. పాత సంచికలు మాత్రం ఇంటర్నెట్‌లోనూ, కోఠి ఫుట్‌పాత్‌ల మీదా ఇంకా దొరుకుతున్నాయి. అట్ట కింద మూలన వెతకండి.. చిన్నగా రెండే అక్షరాలుంటాయి, తెలుగులో.