27 ఏళ్లకు బొమ్మలు నేర్చుకున్న విన్సెంట్

ఈసారి మహనీయుల జీవితాలు శీర్షికలో నేను విన్సెంట్ వాన్ గో అనే చిత్రకారుని గురించి రాస్తున్నాను. ఆయన వేసిన పొద్దుతిరుగుడు పూల బొమ్మను క్యాలెండర్ మీదో, పుస్తకం అట్ట మీదో మీరు చూసే ఉంటారు. ఆ పూల గురించి అందరూ రాస్తారు. నేను మాత్రం ఆయనకు బొమ్మలు సరిగా రాని రోజుల గురించి రాస్తాను. ఎందుకంటే బొమ్మలు పుట్టుకతోనే రావాలి, నేర్చుకుంటే రావు అని మనలో చాలామంది అనుకుంటాం. అది నిజం కాదని ఈయన జీవితం చూస్తే తెలుస్తుంది.

విన్సెంట్ 1853 మార్చి 30న హాలెండ్ దేశంలో జుండర్ట్ అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టరు. 16 ఏళ్ల వయసులో, 1869లో, హేగ్ నగరంలో బొమ్మలు అమ్మే కంపెనీలో ఉద్యోగానికి చేరాడు. తరువాత ఆయన్ను లండన్‌కు, పారిస్‌కు మార్చారు. రోజూ పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మలు చూసేవాడు గానీ, తాను చిత్రకారుడు కావాలని అప్పటికింకా అనుకోలేదు. 1876లో ఆ ఉద్యోగం పోయింది. తరువాత ఇంగ్లండులో పిల్లలకు పాఠాలు చెప్పాడు. హాలెండ్‌కు తిరిగొచ్చి పుస్తకాల కొట్లో పని చేశాడు. పాస్టరు చదువు చదువుతానని ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, ఆ చదువు కూడా మధ్యలోనే మానేశాడు. ఒక్కటీ కుదరలేదు.

1878 చివర్లో బెల్జియం దేశంలో బోరినాజ్ అనే బొగ్గుగనుల ప్రాంతానికి మతబోధకుడిగా వెళ్లాడు. అక్కడి జనం చాలా బీదవాళ్లు. ఒకసారి 700 మీటర్ల లోతున్న గనిలోకి దిగి, వాళ్లు ఎట్లా పని చేస్తున్నారో చూసి వచ్చాడు. తన బట్టలు వాళ్లకు పంచిపెట్టేశాడు. తాను గడ్డి మీద పడుకునేవాడు. బోధకుడు ఇట్లా ఉండకూడదని పైవాళ్లు 1879లో ఆ పని కూడా తీసేశారు.

అప్పుడు ఆయన చేతిలో ఉద్యోగం లేదు, డబ్బు లేదు. ఇంట్లోవాళ్లకు కూడా నమ్మకం పోయింది. ఆ దశలో, 1880లో, చిత్రకారుడిని అవుతానని తీర్మానించుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు. మన స్కూల్లో అందరికన్నా పెద్దవాళ్లయిన అన్నలకంటే పదేళ్లకు పైనే పెద్ద అన్నమాట!

గనికి వెళ్తున్న కూలీలను ఆయన అప్పట్లో వేసిన బొమ్మలు మా డ్రాయింగు సారు చూపించిన పుస్తకంలో చూశాను. మనుషులు చెక్కబొమ్మల్లా బిగుసుకుపోయి ఉంటారు. ఆ బొమ్మలు చూసి, వీడు గొప్పవాడవుతాడని ఎవరూ చెప్పలేరు. తన బొమ్మలు ఎట్లా ఉన్నాయో విన్సెంట్‌కూ తెలుసు. తెలిసి ఏం చేశాడు అన్నదే మనం నేర్చుకోవాల్సిన సంగతి.

ఆ రోజుల్లో బార్గ్ అనే ఆయన తయారుచేసిన డ్రాయింగు పాఠాలు ఉండేవి. అందులో ఒక భాగంలో బొగ్గుతో వేసి నేర్చుకోవడానికి 60 బొమ్మలు ఉంటాయి. విన్సెంట్ వాటిని తెప్పించుకుని మొదటినుంచి చివరిదాకా వేశాడు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి వేశాడు. అప్పుడు ఆయన ఒక గనికార్మికుడి ఇంట్లో చిన్న గదిలో ఉండేవాడు. ఆ ఇంటి పిల్లలు కూడా ఆ గదిలోనే పడుకునేవారు. వెలుతురు చాలక బయట తోటలో కూర్చుని వేసేవాడు. దీన్నిబట్టి స్థలం లేదు, టేబులు లేదు అనే సాకు పనికిరాదని నాకు అర్థమైంది.

1881లో తల్లిదండ్రుల ఊరు ఎట్టెన్‌కు వచ్చాడు. పుస్తకంలో చూసి వేయడం ఒకటి, కదిలే మనిషిని చూసి వేయడం ఇంకొకటి. అందుకని పొలాల్లోకి పోయి పనివాళ్లను వేయడం మొదలుపెట్టాడు. పారతో తవ్వే రైతును ఐదుసార్లు వేశాడు. విత్తనాలు చల్లేవాడిని రెండుసార్లు, చీపురు పట్టుకున్న అమ్మాయిని రెండుసార్లు వేశాడు. ఇన్నిసార్లు వేశానని, ఇప్పుడు కొంచెం మెరుగయిందని, ఇంకా ఫలానాది రావడం లేదని తమ్ముడు తియోకు ఉత్తరాలు రాసేవాడు. తియో బొమ్మల కంపెనీలో ఉద్యోగి. నెలకు 100 ఫ్రాంకులు, తరువాత 150 ఫ్రాంకులు అన్నకు పంపేవాడు. ఆ ఉత్తరాలే విన్సెంట్‌కు ప్రోగ్రెస్ కార్డు లాంటివి. మన కార్డులో మార్కులు సార్లు వేస్తారు. ఆయన తన మార్కులు తానే వేసుకునేవాడు, అదీ దాపరికం లేకుండా.

1882, 1883 సంవత్సరాలు హేగ్ నగరంలో గడిపాడు. అప్పుడు ఆయన కోరిక పత్రికల్లో కథలకు, వార్తలకు బొమ్మలు వేయాలని. ఫోటోలు అచ్చువేయడం ఇంకా సరిగా రాని కాలం అది. లండన్‌లో గ్రాఫిక్ అనే వారపత్రిక బీదల బతుకుల బొమ్మలు చెక్కమీద చెక్కించి అచ్చు వేసేది. విన్సెంట్ అలాంటి అచ్చుబొమ్మలు వెయ్యికి పైగా సేకరించి, ఒక్కొక్కటి అట్టకు అంటించి దాచుకున్నాడు. తన బొమ్మలు కూడా కూలివాళ్ల ఇళ్ల గోడల మీద ఉండాలని, వాళ్లు కొనుక్కోగలిగేంత తక్కువ ధరకు అచ్చు వేయాలని ఆలోచించాడు. కానీ ఏ పత్రికా ఆయనకు పని ఇవ్వలేదు. ఒక బాబాయి మాత్రం నగరం దృశ్యాలు 12 వేయించుకుని 30 గిల్డర్లు ఇచ్చాడు.

ఆ రోజుల్లో ఆయన పనిచేసే పద్ధతులు కొన్ని మనకు కూడా పనికొస్తాయి.

మొదటిది దారాల చట్రం. దూరంగా ఉన్నది ఎంత చిన్నగా కనిపిస్తుంది, దగ్గరున్నది ఎంత పెద్దగా కనిపిస్తుంది అనేది ఆయనకు కష్టంగా ఉండేది. అందుకని వడ్రంగితోను కమ్మరితోను ఒక చట్రం చేయించుకున్నాడు. దానికి నిలువుగా, అడ్డంగా, మూలనుంచి మూలకు దారాలు కట్టాడు. రెండు పొడవాటి కాళ్లు పెట్టి ఇసుకలో పాతి, కిటికీలోంచి చూసినట్టు చూసేవాడు. కాగితం మీద కూడా అవే గీతలు గీసుకుంటే ఏది ఎక్కడ రావాలో తెలిసిపోతుంది. నేను నాలుగు వెదురు బద్దలు, కుట్టుదారంతో ఒకటి చేశాను. కావలసినవాళ్లు నన్నడిగి తీసుకోవచ్చు.

రెండోది పెన్సిలు. ఆయనకు సన్నని ఖరీదైన పెన్సిళ్ల కంటే వడ్రంగులు చెక్క మీద గీతలు గీసే లావు పెన్సిలే ఇష్టం. గీతలు మెరవకుండా, చెరిగిపోకుండా ఉండాలని పాలలో నీళ్లు కలిపి కాగితం మీద పోసేవాడు. మన మెస్సులో పాలు తాగడానికే చాలవు కాబట్టి ఇది మాత్రం నేను చేసి చూడలేదు!

మూడోది, ఒక బొమ్మను వదిలిపెట్టకపోవడం. 1882లో ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో ముఖం దాచుకున్నట్టు వేశాడు. ఎనిమిదేళ్ల తరువాత, 1890లో, అదే బొమ్మను మళ్లీ రంగుల్లో వేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మనిషి ఎంత దూరం నడిచాడో కనిపిస్తుంది. నేను కూడా నా పాత కాగితాలు పారేయకుండా, వెనకాల తారీఖు వేసి ట్రంకుపెట్టె అడుగున పెడుతున్నాను. ఆరో తరగతిలో నేను వేసిన ఎద్దు పందిపిల్లలాగా ఉంటుంది. ఇప్పటి ఎద్దు ఎద్దులాగే ఉంది గానీ కాళ్లు ఇంకా కుదరడం లేదు. రోజూ స్టడీ అవర్ మొదలుకాక ముందు కాళ్లు మాత్రమే వేస్తున్నాను.

1883 చివర్లో విన్సెంట్ న్యూనెన్ అనే పల్లెకు వెళ్లాడు. అక్కడ మగ్గాల దగ్గర నేతవాళ్లను వేశాడు. తరువాత రైతుల ముఖాలు ఒకటి తరువాత ఒకటి 40 దాకా రంగుల్లో వేశాడు. చేతులు విడిగా వేశాడు. ఇదంతా ఒక్క పెద్ద బొమ్మ కోసం. 1885లో ఆ బొమ్మ పూర్తయింది. దాని పేరు బంగాళదుంపలు తినేవాళ్లు. రాత్రిపూట దీపం కింద ఐదుగురు కూర్చుని, తాము పండించుకున్న దుంపలు తింటూ ఉంటారు. నేల తవ్విన చేతులే ఆ పళ్లెంలోకి వస్తున్నాయని చూసేవాళ్లకు తెలియాలని ఆయన ఉద్దేశం.

ఆ బొమ్మ అచ్చు చూసి రప్పార్డ్ అనే చిత్రకారుడు, ఐదేళ్లుగా స్నేహితుడు, చాలా కటువుగా ఉత్తరం రాశాడు. మనుషులు సరిగా లేరని, చెయ్యి పొట్టిగా ఉందని తప్పులు పట్టాడు. విన్సెంట్‌కు కోపం వచ్చి ఆ ఉత్తరం తిప్పి పంపేశాడు. ఆ స్నేహం నిలవలేదు. కానీ ఆ ఎండాకాలమంతా ఆయన ఏం చేశాడు? కోత కోసేవాళ్లను, పరిగె ఏరుకునే ఆడవాళ్లను పెద్ద పెద్ద కాగితాల మీద వేస్తూనే ఉన్నాడు. ఆ మనుషులు చెక్కబొమ్మలు కారు. వంగితే నడుము నొప్పి మనకు తెలుస్తుంది. బోరినాజ్ నుంచి అక్కడికి ఐదేళ్లు పట్టింది.

తరువాత పారిస్ వెళ్లాడు. మనుషులను కూర్చోబెట్టడానికి డబ్బులు లేక అద్దంలో తన ముఖమే చూసుకుంటూ వేశాడు. 1888లో ఆర్ల్ అనే ఊళ్లో పొద్దుతిరుగుడు పూలు వేశాడు. అక్కడ రెల్లుపుల్లను కలంలా చెక్కి సిరాతో కూడా బొమ్మలు వేశాడు. చివరి రెండేళ్లు మనసు జబ్బుతో చాలా బాధపడి, 1890 జులై 29న 37 ఏళ్ల వయసులో చనిపోయాడు. జబ్బు వల్లే గొప్ప బొమ్మలు వేశాడని కొందరంటారు. నేనది నమ్మను. జబ్బు తగ్గిన రోజుల్లోనే ఆయన బాగా పని చేయగలిగాడు. పదేళ్లలో దాదాపు 860 రంగుల చిత్రాలు, వెయ్యికి పైగా డ్రాయింగులు వేశాడు. ఆరు నెలలకే తమ్ముడు తియో కూడా చనిపోయాడు. తియో భార్య జో ఆ బొమ్మలన్నీ కాపాడి, 1914లో ఉత్తరాలను పుస్తకంగా అచ్చు వేయించింది. ఆయన ఎట్లా నేర్చుకున్నాడో ఈరోజు మనకు తెలిసిందంటే ఆమె వల్లే.

నాకు విన్సెంట్ నచ్చడానికి ఇంకో కారణం ఉంది. గోడల మీద, పుస్తకాల్లో మన గిరిజనుల బొమ్మ వేస్తే డోలు పట్టుకుని ఎగురుతున్నట్టో, తలకు ఈకలు పెట్టుకున్నట్టో వేస్తారు. పండగ మనకు ఏడాదికి కొన్ని రోజులే. మిగతా రోజులన్నీ పనే. పోడులో గొడ్డలి పట్టిన నాన్నను, రాగులు విసిరే అమ్మ చేతులను, తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరే నానమ్మను ఎవరు వేస్తారు? వాళ్లు తిరగలి పక్కన ఎట్లా కూర్చుంటారో, మోపు ఎత్తుకునేటప్పుడు మెడ ఎట్లా పెడతారో మనకంటే బాగా చూసినవాళ్లు లేరు. చూడటం మనకు వచ్చు. వేయడం నేర్చుకోవాలి, అంతే.

కాబట్టి మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పని చేస్తున్న ఒక మనిషిని చూసి ఐదుసార్లు వేయండి. ఐదూ తీసుకురండి. బాగా వచ్చిన ఒక్కటే కాకుండా ఐదూ వరుసగా వచ్చే సంచికలో అంటిద్దాం.