నజరానాల సర్కారులో లెక్క అడిగిన దివాన్: మొదటి సాలార్ జంగ్

తహశీల్దార్, పేష్కార్, జమాబందీ, పహాణీ, రుసుం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బడి మొహం చూడని రైతు నోట కూడా ఈ మాటలు అచ్చ తెలుగు మాటల్లాగే పలుకుతాయి. వాటి వెంబడే వచ్చిన ఇంకో మాట మామూలు. దాని అసలు అర్థం ఆనవాయితీ, అలవాటు. ఆఫీసులో కాగితం కదలడానికి ఇచ్చుకునే సొమ్ముకు ఆ పేరే స్థిరపడిందంటే, అది తప్పు అన్న సంగతి ఎంతగా మరుగున పడిపోయిందో అర్థం చేసుకోవచ్చు.

కింద మామూలు అన్నదే పైన దర్బారులో నజరానా. పందొమ్మిదో శతాబ్దం నడుమ హైదరాబాద్ సర్కారు ఆ నజరానాల మీదనే నడిచేది. అటువంటి సర్కారును 24 ఏళ్ల వయసులో చేతికి తీసుకుని, దాదాపు 30 ఏళ్లు దాన్ని దారికి తెచ్చే పనిలోనే ఉండి, ఆ పనిలోనే కన్నుమూసిన మనిషి మీర్ తురాబ్ అలీ ఖాన్. జనం ఎరిగిన పేరు సాలార్ జంగ్. మూసీ ఒడ్డున మ్యూజియం అనగానే గుర్తొచ్చే సాలార్ జంగ్ ఈయన మనవడు, మూడో సాలార్ జంగ్. తాత కథ వేరు.

తురాబ్ అలీ 1829లో పుట్టారు. వంశం పెద్దది. మదీనా నుంచి వచ్చి బీజాపూర్‌లో స్థిరపడ్డ కుటుంబమని చెప్పుకుంటారు. దివాన్‌గా పేరు మోసిన మీర్ ఆలం ఆయన పూర్వీకుల్లో ఒకరు. తాత మునీరుల్ ముల్క్ కూడా దివానే. కానీ పదవికి ఉన్నంత పేరు ఇంట్లో డబ్బుకు లేదు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. పెంచింది చిన్నాన్న సిరాజుల్ ముల్క్. ఆయన కూడా దివాన్ అయినవారే.

పంతొమ్మిదేళ్లయినా నిండాయో లేదో, కుర్రవాణ్ని ఖమ్మం వైపు తాలూక్‌దారుగా పంపారు. ఆయనకు ముందు అక్కడ డైటన్ అనే ఇంగ్లీషు ఆయన పనిచేశారు. మిగతా తాలూక్‌దార్లకంటే భిన్నంగా, లెక్కలు ఓ పద్ధతిలో నడిపించినవాడు. ఆ పద్ధతి తురాబ్ అలీకి బాగా పట్టుబడ్డది. అక్కడ ఉన్నది ఎనిమిది నెలలే. కానీ శిస్తు వసూలంటే ఏమిటో, రైతు దగ్గర మొదలైన రూపాయి ఖజానాకు చేరేలోపు ఎన్ని చేతుల్లో అరిగిపోతుందో హైదరాబాద్ హవేలీల్లో కూర్చుంటే తెలిసేది కాదు.

అప్పటి తాలూక్‌దారు అంటే జీతం తీసుకునే ఉద్యోగి కాదు, గుత్తేదారు. ఇంత మొత్తం కడతానని ముందు నజరానా చెల్లించి తాలూకాను తీసుకునేవాడు. పెట్టిన డబ్బు, దాని మీద వడ్డీ, తన లాభం అన్నీ రైతు దగ్గరే రాబట్టుకోవాలి. రేపు ఇంకొకడు ఎక్కువ నజరానా తెస్తే తాలూకా వాడి చేతికి పోతుంది. అందుకని ఉన్నన్నాళ్లలోనే పిండుకునేవాడు. అరబ్, పఠాన్ సేనానాయకులకు బాకీ పడ్డ జీతాల కింద, సాహుకార్ల అప్పుల కింద కొన్ని జిల్లాలకు జిల్లాలే తాకట్టులోకి పోయాయి. వసూళ్లు వాళ్లవే, ఠాణాలు వాళ్లవే. ఇక నీటి కింది పంటల్లో బటాయి పద్ధతి ఉండేది. ధాన్యంలో సర్కారు వాటా కొలిచి తీసుకున్నదాకా రైతు తన కళ్లం తాను ఎత్తుకోవడానికి లేదు. కొలిచే మనిషి రావడం ఒక్కరోజు ఆలస్యమైతే వాన వస్తుందని భయం. ఆ భయమే వసూలుదారుకు పెట్టుబడి.

1853 మే 21న నిజాం నాసిరుద్దౌలా, కంపెనీ వాళ్లకు ఉన్న బాకీ కింద బేరార్, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు అప్పజెప్పే ఒప్పందం మీద సంతకం చేయాల్సి వచ్చింది. అయిదు రోజులకే సిరాజుల్ ముల్క్ చనిపోయారు. మే 31న తురాబ్ అలీని దివాన్ చేశారు. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆయనకు ఈ పదవి మీద ఆశ లేదు. చిన్నాన్న జాగీరు చూసుకుంటూ ప్రశాంతంగా ఉంటే చాలనుకున్నారు. కాదంటే కుటుంబం మొత్తం నాశనమవుతుందని శ్రేయోభిలాషులంతా పట్టుబడితే ఒప్పుకున్నారు. డైటన్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే ఈ మాట బయటపెట్టారు. నజరానాలు గుమ్మరించి పదవులు కొనుక్కునే దర్బారులో, వద్దు వద్దంటూ దివాన్ అయిన మనిషి ఆయన.

ఖజానా చూస్తే ఖాళీ. నిజాం నగలు కూడా కుదువలో ఉన్నాయి. సిపాయికి జీతం లేదు, గుమాస్తాకు జీతం లేదు. జీతం ఇవ్వని సర్కారు ఉద్యోగిని నువ్వెట్లనో బతుకు అని జనం మీదికి వదిలేసినట్టే. సాలార్ జంగ్ పట్టుకున్న మొదటి ముడి ఇదే. లంచం తీసుకోవద్దని హుకుం జారీ చేయడం తేలిక. అది ఆయనకు ముందువాళ్లూ చేసి ఉంటారు. ఆయన మాత్రం ముందు సాహుకార్లను ఒప్పించి అప్పు తెచ్చారు. తాకట్టులో ఉన్న జిల్లాలను ఒక్కొక్కటిగా విడిపించారు. అరబ్ జమేదార్ల బాకీలు కత్తులతో కాకుండా కచేరీలో తేలాలని పట్టుబట్టారు. గుత్తేదారు తాలూక్‌దార్లను తీసేసి, జీతం మీద పనిచేసేవాళ్లను పెట్టారు. ఆ జీతం నెల నెలా అందేలా చూశారు.

టంకశాలల సంగతి కూడా ఇట్లాంటిదే. నారాయణపేట, గద్వాల వంటి ఊళ్లలో కూడా నాణేలు ముద్రించేవారు. ఒక్కో చోటి రూపాయికి ఒక్కో విలువ. మారకంలో మోసపోయేది ఎప్పుడూ సంతకొచ్చిన రైతే. సాలార్ జంగ్ టంకశాలలను హైదరాబాద్‌కు తెచ్చి హాలీ సిక్కాను నిలబెట్టారు.

1865లో జిలాబందీ వచ్చింది. రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి, ఒక్కో జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, తాలూకాకు తహశీల్దార్, వాళ్లకు పైన రెవెన్యూ బోర్డు పెట్టారు. తూర్పు భాగంలో ఖమ్మం, నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ నాగర్‌కర్నూల్ జిల్లానే తర్వాత మహబూబ్‌నగర్ అయింది. జిల్లా కేంద్రం 1881లో పాలమూరుకు మారింది. బటాయి స్థానంలో నగదు శిస్తు తెచ్చారు. పోలీసును వసూళ్ల నుంచి వేరు చేశారు. అంతకుముందు శిస్తు పిండినవాడే ఫిర్యాదు కూడా వినేవాడు. కంచే చేను మేస్తే చెప్పుకునేదెవరికి? ఇప్పుడు కనీసం వెళ్లి తట్టడానికి ఇంకో తలుపు ఉంది.

ఇంతమంది నోటి దగ్గర కూడు లాగేస్తే శత్రువులు పుట్టకుండా ఉంటారా? దర్బారులో దివాన్ మీద చాడీలు ఆగలేదు. నిజాం అఫ్జలుద్దౌలాకు ఆయనమీద నమ్మకం తక్కువే. 1861లో ఆయన్ను తప్పించడానికి గట్టి కుట్రే జరిగింది. నిజాంకు ఒక మాట, ఇంగ్లీషు రెసిడెంటుకు ఇంకో మాట చెప్పి, ఇద్దరూ ఆయన్ను వద్దనుకుంటున్నట్టు నమ్మించబోయారు. చివరికి బయటపడ్డది. ప్రాణం మీదికి రెండుసార్లు వచ్చింది. 1859 మార్చిలో రెసిడెంట్ డేవిడ్‌సన్‌తో కలిసి దర్బారు నుంచి బయటికి వస్తుండగా జహంగీర్ ఖాన్ అనే వ్యక్తి తుపాకి పేల్చాడు. 1868 జనవరిలో దర్బారుకు వెళ్తుంటే మళ్లీ కాల్పులు జరిగాయి. రెండోసారి కాల్చినవాడికి మరణశిక్ష పడితే, శిక్ష తగ్గించాలని అడిగింది సాలార్ జంగే. ఆ మాట చెల్లలేదు.

ఆయన జీవితంలో అందరూ మెచ్చని పేజీ 1857. ఆ జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నడిపిన జనం రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు దివాన్ ఇంగ్లీషువాళ్ల పక్షానే నిలబడ్డారు. తుర్రేబాజ్‌ను కాల్చి చంపారు, మౌల్వీని అండమాన్‌కు పంపారు. రాజ్యం మిగలాలంటే అదొక్కటే దారి అని ఆయన తరఫువాళ్లు ఇప్పటికీ వాదిస్తారు. తుర్రేబాజ్ పేరు తలుచుకునేవాళ్లకు ఆ వాదన రుచించదు, రుచించాల్సిన పనీ లేదు. అయితే ఆ విధేయతను ఆయన సొంతానికి వాడుకున్న మనిషి కాదు. బేరార్‌ను తిరిగి ఇవ్వమని ఏళ్ల తరబడి ఇంగ్లీషువాళ్ల వెంటపడ్డారు. 1876లో ఇంగ్లండ్ దాకా వెళ్లారు. దారిలో పారిస్‌లో పడి తొడ ఎముక విరిగింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు గౌరవ పట్టా ఇచ్చారు, విందులు జరిగాయి. బేరార్ మాత్రం రాలేదు. మ్యూజియంలో మేలిముసుగు రెబెకా బొమ్మ ముందు నిలబడి ఫోటోలు దిగేవాళ్లకు, అది ఆ ప్రయాణంలోనే రోమ్‌లో ఆయన కొన్నదని ఎంతమందికి తెలుసో.

ఇంత చేసినా ఒక తలుపు మూయలేకపోయారు. అది ఊళ్లో ఉంది. అంతవరకూ శిస్తు వసూళ్లలో ఉన్న దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండ్యాలను పక్కన పెట్టినప్పుడు వాళ్లకు పరిహారంగా ఏటా రుసుం ఇచ్చారు. కానీ ఊరి లెక్కల పుస్తకాలు వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. కలం పట్టిన పట్వారీ, పటేల్ వాళ్ల మనుషులే. సర్వేలు, పట్టాలు వచ్చినప్పుడు మంచి భూములు వాళ్ల పేర్ల మీదికి ఎక్కాయి. రైతు తన తాత దున్నిన చెలకలోనే కౌలుదారు అయ్యాడు. తాలూక్‌దారుకు జీతమిచ్చి నిజాయితీ అడగొచ్చు. చదువురాని రైతుకు, పట్వారీ పుస్తకంలో తన పేరు ఉందో లేదో చూసిపెట్టేదెవరు? తర్వాతి కాలానికి నల్లగొండ జిల్లాలో విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో నలభై వేల ఎకరాలు, సూర్యాపేట వైపు జన్నారెడ్డి వారి చేతిలో లక్షన్నర ఎకరాలు ఉన్నాయని సాయుధ పోరాట నాయకులు లెక్క చెప్పారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ విసునూరు గడీ మనుషుల కాల్పుల్లోనే. దివాన్ తలపెట్టిన పని పైనుంచి కిందికి దిగుతూ ఊరి పొలిమేరలో ఆగిపోయింది.

1869లో అఫ్జలుద్దౌలా చనిపోయేనాటికి వారసుడు మహబూబ్ అలీ ఖాన్ మూడేళ్లయినా నిండని పసివాడు. చిన్న నిజాం పేరుమీద రాజ్యం నడిపే భారం అమీరె కబీర్‌తో పాటు సాలార్ జంగ్ మీద పడింది. మీద అడిగేవాడు లేని కాలం అది. అంతకుముందు దివాన్లు అటువంటి అవకాశం కోసమే ఎదురుచూసేవాళ్లు. ఆయన ఆ కాలాన్ని బడులకు, శాఖలకు, చదువుకున్న ఉద్యోగులను వెతికి తేవడానికి వాడారు. ఉత్తరాది నుంచి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ, ముష్తాఖ్ హుస్సేన్ వంటివాళ్లు వచ్చారు. బయటివాళ్లకు కొలువులేమిటన్న ముల్కీ గొడవకు విత్తనం కూడా అక్కడే పడ్డది.

1883 ఫిబ్రవరి 7న యూరప్ నుంచి వచ్చిన ఒక డ్యూక్‌కు మీర్ ఆలం చెరువు దగ్గర విందు ఇచ్చారు. రాత్రికి కలరా పట్టుకుంది. మర్నాడు, ఫిబ్రవరి 8న, కన్నుమూశారు. వయసు 54. పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్‌లో, తనవాళ్ల సమాధుల మధ్యనే ఆయన్ను ఖననం చేశారు. మరుసటేడు పెద్దకొడుకు మీర్ లాయఖ్ అలీ ఖాన్ దివాన్ అయ్యారు. తండ్రి కుర్చీలో ఆయన నిలిచింది మూడేళ్లే.